తెల్లసొన కథ

అది సాయంత్రం పూట. మా చదువు కేంద్రానికి ఇంకా అందరూ రాలేదు. నలుగురు అక్కలు చాప మీద కూర్చుని పుస్తకాలు తీస్తున్నారు. అంతలో పక్కింట్లోంచి పిల్లవాడి కేక వినిపించింది. అందరం పరుగెత్తాం.

నాలుగేళ్ళ బాబు. తల్లి గంజి వారుస్తూ ఉంది. బాబు వెనక నుంచి వచ్చి గిన్నె లాగాడు. వేడి గంజి చేతి మీద ఒలికింది. చెయ్యి ఎర్రగా అయిపోయింది. బాబు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

వాళ్ళ నాయనమ్మ గబగబా వెళ్ళి కోళ్ళ గంప దగ్గర నుంచి గుడ్డు తెచ్చింది.

"తెల్లసొన పూస్తే మంట లాగేస్తుంది. జరగండి" అంది.

నేను అవ్వ చెయ్యి పట్టుకున్నాను. "అవ్వా, గుడ్డు వద్దు. ముందు నీళ్ళు పోద్దాం" అన్నాను.

బాబును నీళ్ళ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాం. చేతికి కట్టిన దారం తీసేశాం. చెంబుతో చల్లని మంచినీళ్ళు 20 నిమిషాలు ధారగా పోశాం. ఉతికిన మెత్తటి బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. "నీళ్ళు పోసి మంచి పని చేశారు. ఏమీ పూయకుండా తెచ్చారు, ఇంకా మంచిది" అంది డాక్టరమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ నన్ను అడిగింది.

"టీచరమ్మా! మా అమ్మ పూసింది. నేనూ పూశాను. ఇప్పుడు నువ్వు వద్దంటున్నావు. ఎందుకు వద్దో చెప్పు. ఊరికే వద్దంటే ఎలా?"

అవ్వ అడిగింది న్యాయమే. కానీ నాకు అప్పటికప్పుడు పూర్తి జవాబు రాలేదు. "రేపు కేంద్రానికి రా అవ్వా. గుడ్డు కూడా తీసుకురా" అన్నాను. ఆ రాత్రి నా సైన్సు పుస్తకాలు తీసి చదివాను. మర్నాడు అవ్వ నిజంగానే వచ్చింది. కొంగులో రెండు గుడ్లు మూటకట్టి తెచ్చింది. ఆ రోజు మేమంతా కలిసి నేర్చుకున్నదే ఈ పాఠం.

గుడ్డు కొట్టి చూద్దాం

ఒక గుడ్డును పళ్ళెంలో కొట్టాం. మధ్యలో పచ్చసొన. చుట్టూ తెల్లసొన.

"తెల్లసొన అంటాం గానీ తెల్లగా లేదే! నీళ్ళలాగా ఉంది" అంది ఒక చెల్లెలు.

నిజమే. పచ్చి గుడ్డులో అది తెల్లగా ఉండదు. ఉడికాకే తెల్లబడుతుంది. ఎందుకో తర్వాత చూద్దాం.

మీరూ ఒకసారి దగ్గరగా చూడండి. తెల్లసొన అంతా ఒకేలా ఉండదు. పచ్చసొన చుట్టూ చిక్కగా, జిగటగా ఉంటుంది. అంచుల్లో పల్చగా పారుతుంది. పచ్చసొనకు అటూ ఇటూ రెండు తెల్లటి పోగులు ఉంటాయి. పురిపెట్టిన దారంలాగా ఉంటాయి. చాలామంది వాటిని చూసి కోడిపిల్ల అనుకుంటారు. వేలితో తీసి పారేస్తారు. అవి పిల్ల కావు. ఉయ్యాలకు తాళ్ళు ఉన్నట్టు పచ్చసొనకు అవి తాళ్ళు. పచ్చసొన పెంకుకు తగలకుండా మధ్యలో నిలబెడతాయి. వాటిని తినవచ్చు.

అంగట్లో దొరికే ఫారం గుడ్డు సుమారు 50 నుంచి 60 గ్రాములు ఉంటుంది. దాన్ని 10 భాగాలు అనుకుందాం. 6 భాగాలు తెల్లసొన. 3 భాగాలు పచ్చసొన. 1 భాగం పెంకు. అంటే గుడ్డులో సగం కంటే ఎక్కువ తెల్లసొనే.

మరి తెల్లసొనలో ఏముంది? 10 చెంచాల తెల్లసొన తీసుకుంటే అందులో దాదాపు 9 చెంచాలు నీళ్ళే. మిగిలిన ఒక్క చెంచాలో ఎక్కువ భాగం మాంసకృత్తులు. మన కండ, చర్మం, జుట్టు, రక్తం తయారు కావడానికి మాంసకృత్తులు కావాలి. తెల్లసొనలో కొవ్వు దాదాపు లేదు.

తెల్లసొన ఎవరి కోసం?

కోడి మన కూర కోసం గుడ్డు పెట్టదు. తన పిల్ల కోసం పెడుతుంది. పెట్ట కడుపులో ముందు పచ్చసొన తయారవుతుంది. దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది. ఆఖరున పెంకు వస్తుంది. పచ్చసొన బయలుదేరాక ఇదంతా జరగడానికి సుమారు ఒక రోజు పడుతుంది.

పిల్ల ఎక్కడి నుంచి వస్తుంది? పచ్చసొన మీద చిన్న తెల్ల చుక్క ఉంటుంది. పుంజుతో కలిసిన పెట్ట గుడ్డు అయితే ఆ చుక్కే పిల్ల అవుతుంది. మామూలుగా మనం కొనే ఫారం గుడ్డుకు పుంజు ఉండదు. దాన్ని ఎన్నాళ్ళు పొదిగించినా పిల్ల రాదు.

పొదిగే 21 రోజులూ తెల్లసొన నాలుగు పనులు చేస్తుంది.

ఒకటి: నీళ్ళు ఇస్తుంది. పెంకు లోపలికి చెరువు లేదు, బావి లేదు. పిల్లకు కావాల్సిన నీళ్ళు చాలావరకు తెల్లసొనలోనే ఉన్నాయి.

రెండు: తిండి పెడుతుంది. పిల్ల కొంచెం ఎదిగాక తెల్లసొనను మింగుతుంది.

మూడు: మెత్తలాగా ఉంటుంది. కోడి పొదిగేటప్పుడు గుడ్లను ముక్కుతో దొర్లిస్తుంది. మీరంతా చూసే ఉంటారు. ఆ కుదుపు పిల్లకు తగలకుండా తెల్లసొన ఆపుతుంది.

నాలుగు: కాపలా కాస్తుంది. గుడ్డు పెంకుకు వేల సంఖ్యలో సన్నటి రంధ్రాలు ఉంటాయి. మన కంటికి కనపడవు. వాటి గుండా పిల్లకు గాలి అందుతుంది. అదే దారిన రోగక్రిములు కూడా వస్తాయి. కోడి కూర్చునేది మట్టిలో, పెంటలో. పెంకు మీద ఎంత మురికి ఉంటుందో మనకు తెలుసు. అయినా మంచి గుడ్డు లోపల తొందరగా కుళ్ళదు. ఎందుకంటే తెల్లసొన కాపలా ఉంది.

ఆ కాపలా ఎలా ఉంటుంది? తెల్లసొన జిగట. అందులో పడిన క్రిమి తొందరగా కదలలేదు. క్రిమి పెరగడానికి ఇనుము కావాలి. తెల్లసొనలో ఒక పదార్థం ఆ ఇనుమును పట్టేసుకుని క్రిమికి దక్కనివ్వదు. ఇంకొక పదార్థం కొన్ని క్రిముల గోడను పగలగొడుతుంది. దాని పేరు లైసోజైమ్.

1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త లండన్‌లో ఈ లైసోజైమ్ గురించి లోకానికి చెప్పాడు. 1928లో పెన్సిలిన్ మందును కనిపెట్టింది కూడా ఆయనే. లైసోజైమ్ గుడ్డులోనే కాదు, మన కన్నీళ్ళలో ఉంది. ఉమ్మిలో ఉంది. తల్లిపాలలో ఉంది. కోడి తన పిల్లకు ఇచ్చిన కాపలానే తల్లి తన బిడ్డకు పాలలో ఇస్తోంది.

అవ్వ అడిగిన ప్రశ్న

ఇక్కడికి వచ్చేసరికి అవ్వ నవ్వింది.

"చూశావా! క్రిముల్ని చంపుతుందని నువ్వే అంటున్నావు. మరి కాలిన చేతికి పూస్తే తప్పేంటి?"

మంచి ప్రశ్న. జవాబు వినండి.

తెల్లసొన కాపలా పెంకు లోపలే బాగా పనిచేస్తుంది. గుడ్డు కొట్టగానే పెంకు మీద మురికి, మన చేతి మురికి అందులో కలుస్తాయి. పైగా అది అన్ని క్రిముల్నీ చంపలేదు. సాల్మొనెల్లా అనే క్రిమి కొన్నిసార్లు గుడ్డు లోపలే ఉంటుంది. కాలిన చోట చర్మం అనే తలుపు ఊడిపోయి ఉంటుంది. పచ్చి తెల్లసొన పూస్తే ఆ తెరిచిన తలుపు గుండా క్రిముల్ని మనమే లోపలికి పంపినట్టు.

ఇంకొక మాట. తెల్లసొన పూయగానే చల్లగానే ఉంటుంది. కానీ కొద్దిసేపటికి ఎండి అట్ట కడుతుంది. ఆసుపత్రిలో పుండు చూడాలంటే ఆ అట్టను కడిగి తీయాలి. బిడ్డకు మళ్ళీ బాధ. పూసే హడావిడిలో నీళ్ళు పోయాల్సిన సమయం కూడా పోతుంది. పైన మంట ఆరినా ఒంటి లోపల వేడి ఇంకా ఉంటుంది. ఆ వేడిని తీసుకుపోయేది పారే నీళ్ళు.

కాలితే ఏం చేయాలి?

1. గాజులు, ఉంగరాలు, దారాలు వెంటనే తీయాలి. తర్వాత వాపు వస్తుంది.
2. చల్లని మంచినీళ్ళు 20 నిమిషాలు ధారగా పోయాలి. ఐసు పెట్టకూడదు.
3. తెల్లసొన, సిరా, పసుపు, పేస్టు, పిండి, నూనె పూయకూడదు.
4. బొబ్బలు చిదపకూడదు. ఒంటికి అంటుకున్న బట్ట లాగకూడదు.
5. ఉతికిన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పసిపిల్లలైనా, ముఖం, చెయ్యి, మర్మస్థానం కాలినా ఆలస్యం చేయకూడదు. 108కి ఫోను చేయాలి.

"అయితే నేను పూసినవన్నీ తప్పేనా?" అంది అవ్వ మెల్లగా.

"తప్పు కాదు అవ్వా. అప్పుడు మనకు తెలియదు. ఇప్పుడు తెలిసింది" అన్నాను.

నిప్పు తగిలితే ఏమవుతుంది?

రెండో గుడ్డును మరిగే నీళ్ళలో కొట్టి పోశాం. చూస్తుండగానే నీళ్ళలాంటి సొన తెల్లబడింది. గట్టిపడింది. ఎందుకు?

నూలు ఉండలు తలుచుకోండి. తెల్లసొనలో మాంసకృత్తులు చిన్న చిన్న నూలు ఉండల్లాగా చుట్టుకుని ఉంటాయి. నీళ్ళలో విడివిడిగా తేలుతూ ఉంటాయి. అప్పుడు వెలుతురు వాటి మధ్య నుంచి పోతుంది. అందుకే సొన అద్దంలాగా కనిపిస్తుంది. వేడి తగలగానే ఉండలు విప్పుకుంటాయి. ఒకదాని పోగు ఇంకొకదాని పోగుతో చిక్కుపడుతుంది. వలలాగా అల్లుకుంటుంది. నీళ్ళు ఆ వలలో చిక్కుకుపోతాయి. వెలుతురు దాటలేదు. అందుకే సొన గట్టిగా, తెల్లగా అవుతుంది.

నీళ్ళు మరిగేది 100 డిగ్రీల వేడికి. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గట్టిపడడం మొదలవుతుంది. 80 డిగ్రీల దగ్గర బాగా గట్టిపడుతుంది. చల్లారినా మళ్ళీ నీళ్ళు కాదు. విప్పిన ఉండ తిరిగి చుట్టుకోదు.

పచ్చి గుడ్డు బలమా?

మన దగ్గర కొన్ని ఇళ్ళల్లో పెద్దమనిషి అయిన ఆడపిల్లకు పచ్చి గుడ్డు తాగిస్తారు. నువ్వుల నూనె కూడా కలుపుతారు. కసరత్తు చేసే మగపిల్లలు పాలలో పచ్చి గుడ్డు కొట్టుకుని తాగుతారు. "ఉడికిస్తే బలం పోతుంది" అంటారు.

అసలు సంగతి దానికి ఎదురుగా ఉంది. గట్టిగా చుట్టిన ఉండలను మన కడుపు తొందరగా విప్పలేదు. నిప్పు ముందే విప్పి ఇస్తే సులువుగా అరుగుతుంది. 1998లో బెల్జియం దేశపు శాస్త్రవేత్తలు దీన్ని లెక్కకట్టారు. ఉడికిన గుడ్డు తింటే మాంసకృత్తుల్లో నూటికి సుమారు 90 వంతులు ఒంటికి పట్టాయి. పచ్చి గుడ్డు తింటే సుమారు 50 వంతులే పట్టాయి. అంటే పచ్చి గుడ్డు తాగితే సగం బలం వృథా.

ఇంకొక నష్టం కూడా ఉంది. పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమిన్‌ను పట్టేసుకుంటుంది. ఒంటికి దక్కనివ్వదు. క్రిమికి పెట్టిన కాపలా మనకూ అడ్డం పడుతుందన్న మాట. రోజూ చాలాకాలం పచ్చి తెల్లసొన తాగితే చర్మం పాడవుతుంది, జుట్టు ఊడుతుంది. ఉడికిస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. సాల్మొనెల్లా క్రిములు కూడా చచ్చిపోతాయి. ఆ క్రిములతో వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తాయి. గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివాళ్ళకు అది ప్రమాదం.

"మా మనవరాలికి పచ్చి గుడ్డే తాగించాను. కక్కేసింది. పొగరు అని తిట్టాను" అంది అవ్వ. ఎవరూ నవ్వలేదు. మాలో చాలామందికి అలాంటి గుడ్డు తాగిన రోజు గుర్తుంది.

వంటింట్లో తెల్లసొన

ఉడికించే పద్ధతి: గిన్నెలో గుడ్లు పెట్టి మునిగేదాకా చన్నీళ్ళు పోయండి. చిటికెడు ఉప్పు వేయండి. నీళ్ళు మరగడం మొదలయ్యాక 10 నిమిషాలు ఉంచండి. తర్వాత చన్నీళ్ళలో వేయండి.

ఎక్కువసేపు ఉడికిస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు వస్తుంది. అది విషం కాదు. తినవచ్చు.

ఈ రోజు పెట్టిన గుడ్డును ఈ రోజే ఉడికిస్తే పెంకు సరిగా ఊడదు. తెల్లసొన పెంకుతోపాటు ఊడి వస్తుంది. నాలుగైదు రోజుల గుడ్డు అయితే నున్నగా వస్తుంది. గుడ్డు చెడ్డదనో, కోడలికి వంట రాదనో అనకండి. గుడ్డు మరీ తాజాది, అంతే.

గుడ్డు కొట్టి పోసే పులుసు: పులుసు బాగా మరుగుతున్నప్పుడే గుడ్డు కొట్టి పోయాలి. వేడికి తోడు చింతపండు పులుపు కూడా తెల్లసొనను తొందరగా గట్టిపరుస్తుంది. పోసిన వెంటనే గరిటె పెట్టి కలపకూడదు. మూత పెట్టి ఉడకనివ్వాలి.

అట్టు: తెల్లసొనను బాగా గిలక్కొడితే నురగ వస్తుంది. గాలి బుడగలు మాంసకృత్తుల వలలో చిక్కుకుంటాయి. అట్టు పొంగుతుంది. గిన్నెకు నూనె జిడ్డు ఉంటే నురగ సరిగా రాదు.

గుడ్డు మంచిదేనా? నీళ్ళలో వేసి చూడండి. తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది. పాతది నిలబడుతుంది. మరీ పాతది తేలుతుంది. లోపలి నీళ్ళు కొద్దికొద్దిగా ఆరిపోయి, లావు వైపున గాలి చేరుతుంది. అందుకే తేలుతుంది. తేలిన గుడ్డు వాడకండి. పగిలిన గుడ్డు, వాసన వచ్చే గుడ్డు కూడా వద్దు. గుడ్లను ముందే కడిగి దాచకండి. పెంకు మీద ఉండే సన్నటి పొర పోతుంది. వండే ముందు కడగండి. పచ్చి గుడ్డు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

గుడ్డు ఎవరి వంతు?

పాఠం చివర ఒక లెక్క వేశాం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అందులో సగం కంటే ఎక్కువ తెల్లసొనలో ఉంటాయి. మిగతాది పచ్చసొనలో. పచ్చసొనలో కంటికి మేలు చేసే ఏ విటమిన్, ఎముకకు మేలు చేసే డి విటమిన్ కూడా ఉన్నాయి. కాబట్టి పిల్లలు, తల్లులు రెండూ తినాలి. డాక్టరు ప్రత్యేకంగా చెప్పినవాళ్ళు ఆ మాట ప్రకారం తినాలి.

ఆరు నెలలు నిండిన బిడ్డకు బాగా ఉడికిన గుడ్డు మెత్తగా నలిపి పెట్టవచ్చు. మొదట కొంచెమే పెట్టండి. కొందరు పిల్లలకు గుడ్డు పడదు. ఒంటి మీద దద్దుర్లు, వాపు, వాంతి కనిపిస్తే ఆపి డాక్టరుకు చూపించండి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

"మీ ఇంట్లో నిన్న గుడ్డు ఎవరు తిన్నారు?" అని అందరినీ అడిగాను. ఆయన తిన్నాడు. మామ తిన్నాడు. కొడుకు తిన్నాడు. "నేను తిన్నాను" అన్నది ఒక్కరే.

బాబు తల్లి కూడా అక్కడే ఉంది. ఆమెకు ఏడో నెల. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంగన్‌వాడీల నుంచి గర్భిణులకు, బాలింతలకు గుడ్లు ఇస్తారు. ఆమెకూ వస్తున్నాయి. "ఇంటికి తెస్తాను. అందరికీ కూర చేస్తాను. నా దాకా పులుసే వస్తుంది" అంది తల వంచుకుని.

అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది.

"గుడ్డు వేడి చేస్తుందని నేనే వద్దన్నాను. కోడి తన పిల్లకు అంత తిండి, అంత కాపలా పెట్టి పంపుతోంది. మన ఇంట్లో బిడ్డను మోసేదానికి మనం పెట్టేది పులుసా? రేపటి నుంచి దాని గుడ్డు నేనే ఉడికించి దాని చేతిలో పెడతాను."

బాబు చెయ్యి రెండు వారాల్లో మానింది. ఇప్పుడు అవ్వ గంప దగ్గర నుంచి గుడ్డు తెచ్చేది పొయ్యి దగ్గరికే.

గుర్తుంచుకోండి

కాలిన చోట తెల్లసొన వద్దు. చల్లని నీళ్ళు 20 నిమిషాలు పోయాలి.
పచ్చి గుడ్డు తాగవద్దు. ఉడికిన గుడ్డే ఒంటికి పడుతుంది.
అంగన్‌వాడీ గుడ్డు తల్లి వంతు. తల్లే తినాలి.

జవాబులు రాయండి

1. తెల్లసొన కోడిపిల్లకు చేసే నాలుగు పనులు ఏవి?
2. ఉడికితే తెల్లసొన ఎందుకు గట్టిపడుతుంది?
3. పచ్చి గుడ్డు కంటే ఉడికిన గుడ్డు ఎందుకు మేలు?
4. ఒక గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటే, వారానికి 5 గుడ్లు తిన్న తల్లికి ఎన్ని గ్రాములు అందుతాయి?

చేసి చూడండి

ఈ వారం మీ ఇంట్లో ఎన్ని గుడ్లు వచ్చాయి? ఎవరెవరు తిన్నారు? పేర్లు రాసి, పక్కన అంకెలు వేయండి. మీ పేరు కూడా రాయండి. పై వారం కేంద్రానికి తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.